ఫ్యామిలీ ఫొటో దిగాలంటే: నెల ముందు నుంచి గోడకెక్కేదాకా

మా మామ్మ ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. మా చిన్నాన్న పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటోలోంచి ఆవిడ వరకూ కత్తిరించి పెద్దది చేయించాం. దగ్గరికెళ్ళి చూస్తే ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. ఎవరివో తెలియదు. ఆవిడ కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తోంది, బహుశా వంటవాళ్ళని కేకేస్తోంది. విజయనగరంలో ఇరవై ఏళ్ళుగా ఫొటోలు తీసి బతుకుతున్న నేను, మా మామ్మని ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోబెట్టి సరైన ఫొటో తీయలేదు. ఈ పండక్కి తీద్దాం, వచ్చే పండక్కి తీద్దాం అనుకుంటూ ఉండగానే ఆవిడ వెళ్ళిపోయింది.

అందుకే ఎవరైనా ఫోన్ చేసి "ఫ్యామిలీ ఫొటో దిగాలండీ, ఎప్పుడు రమ్మంటారు?" అంటే, ముందు నేను అడిగేది "ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళెవరు, వాళ్ళకి ఏ పూట ఓపికగా ఉంటుంది?" అని. మిగతావన్నీ దాన్నిబట్టే.

ఇంకోమాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను. ఫొటోలు పాడయ్యేది స్టూడియోలో తక్కువ, ఇంట్లో ఎక్కువ. అదీ బయల్దేరే ముందు గంటన్నరలో. జాకెట్టు హుక్కు ఊడిపోతుంది, పిల్లాడు చొక్కా మీద ఆవకాయ పోసుకుంటాడు, "నీ వల్లే లేటు" అనుకుని మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేస్తారు. ఆ ముఖాలతోనే వచ్చి కెమెరా ముందు నిలబడతారు. మేం లైట్లు మార్చగలం, కోపం మార్చలేం. కింద రాసిన పనుల్లో ముప్పాతిక వంతు ఆ గంటన్నరని ఖాళీగా ఉంచడం కోసమే.

నెల ముందు: ఎందుకు, ఎవరెవరు

నాన్నగారి షష్టిపూర్తా, పాప మొదటి పుట్టినరోజా, అబ్బాయి అమెరికా వెళ్ళిపోయే ముందు ఒక జ్ఞాపకమా? సందర్భం ఏదైనా ఫొటో చివరికి ఎక్కడ ఉండబోతోందో ముందే అనుకోండి. గోడకి అనుకుంటే గోడ కొలిచి చెప్పండి. సోఫా పైన పెట్టేది అడ్డంగా ఉండాలి, రెండు కిటికీల మధ్య సన్నని గోడకైతే నిలువుగా. ఇది తెలిస్తే మేం మనుషుల్ని నిలబెట్టే పద్ధతే మారిపోతుంది. పన్నెండు మందిని ఒక్క వరసలో నిలబెట్టి తీశాక "నిలువు ఫ్రేమ్ కావాలండీ" అంటే అటొకరు ఇటొకరు బావగార్లు ఎగిరిపోతారు.

తర్వాత ఎవరెవరు అన్నది. ఇక్కడే గొడవ మొదలవుతుంది. "అల్లుడుగారు లేకుండా ఫ్యామిలీ ఫొటో ఏంటే?" అంటుంది తల్లి. "ఆయనకి సెలవు దొరకదమ్మా" అంటుంది కూతురు. ఈ మాటలు ఇంట్లో నెల ముందే అయిపోవాలి, నా స్టూడియో బెంచీ మీద కాదు. ఎవరి కోసం ఆగుతారో, ఎవరి కోసం ఆగరో తేల్చుకుని, ఒక కాగితం మీద గ్రూపులు రాయండి. అందరూ కలిపి ఒకటి, తాతగారూ మామ్మగారూ ఇద్దరే ఒకటి, మామ్మగారితో మనవలు, అన్నదమ్ములు, తోడికోడళ్ళు, ఏ కుటుంబానికి ఆ కుటుంబం. ఇద్దరి ఫొటోకి అయిదు నిమిషాలు, పదీ పన్నెండు మంది గ్రూపుకి పావుగంట వేసుకోండి. లెక్క రెండు గంటలు దాటిందంటే కాగితంలోంచి కొన్ని కొట్టేయాలి. డెబ్భై అయిదేళ్ళ మనిషి, మూడేళ్ళ పిల్ల అంతకంటే ఆగరు.

ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదన్న నమ్మకం మనవైపు ఇంకా గట్టిగానే ఉంది. ఒకసారి ఒక పెద్దావిడ కొడుకూ కోడలి పక్కకి వచ్చి టక్కున ఆగిపోయింది. "ముగ్గురం అవుతాం బాబూ, నాకొద్దు" అంది. కొడుకు నవ్వేసి "ఈ రోజుల్లో ఇంకా అవేంటమ్మా" అన్నాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. నిజమా కాదా అని వాదించే చోటు కాదది. "తాతగారి ఫొటో ఇంట్లో ఉంటే తెప్పించండమ్మా, ఒళ్ళో పెట్టుకుందురు గాని, నలుగురవుతారు" అన్నాను. మనవడు బండి వేసుకుని వెళ్ళి తెచ్చాడు. ఆ రోజు తీసిన వాటిలో వాళ్ళు పెద్దది చేయించుకున్నది అదే. మీరు కూడా పోయినవాళ్ళ ఫొటో పట్టుకుని దిగాలనుకుంటే ఫ్రేములోంచి అద్దం తీయించి తీసుకురండి. అద్దం ఉంటే తాతగారి ముఖం మీద మా లైట్లు కనిపిస్తాయి.

భర్త పోయిన తల్లిని వరస చివర నిలబెట్టే అలవాటు నాకు నచ్చదు, నేనైతే మధ్యలో కుర్చీ వేస్తాను. ఏ చీర కట్టుకోవాలి, బొట్టు పెట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆవిడ ఇష్టం. ఆ సంగతి ఇంట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. నలుగురి ముందూ అడిగితే ఆవిడ తనకి ఇష్టమైంది చెప్పదు, మీకు ఇబ్బంది లేనిది చెబుతుంది.

ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ

పిల్లలూ పెద్దలూ అందరూ ఊళ్ళో దొరికేది సంక్రాంతికే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు, ఫొటోకి అంత మంచి రోజు లేదు. అయితే ఫొటోగ్రాఫర్ కూడా కదలడు మరి. డిసెంబరు మొదట్లోనే మాట్లాడుకోవాలి. విజయనగరంలో ఉండేవాళ్ళు దసరా తర్వాత వచ్చే మంగళవారం, దాని ముందు రోజు మాత్రం పెట్టుకోకండి. పైడితల్లి అమ్మవారి తొలేళ్ళు, సిరిమానోత్సవం జనంలో మూడు లాంతర్ల సెంటరు దగ్గరికి కారే రాదు, ఇక పట్టుచీరలతో మీరెలా వస్తారు?

బయట తీయించుకోవాలంటే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. అక్టోబరు చూడ్డానికి బాగానే ఉంటుంది గాని నమ్మలేం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుఫాన్లూ అక్టోబరులోనే వచ్చాయి. ఎండాకాలంలో బయటకి వద్దు, పావుగంటలో ముఖాలు జిడ్డోడిపోతాయి.

వేళ ఎందుకంత ముఖ్యమో అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి కదా, పొద్దున్నే సూర్యుడు కిందుగా ఉండి వెలుగు ఏటవాలుగా పడబట్టే అంత లోపలికి వస్తుంది. అదే ఏటవాలు వెలుగు మన ముఖం మీద పడితే కళ్ళ గుంటల్లోకి, గడ్డం కిందికి కూడా చేరుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి సూర్యుడు నెత్తిన ఉంటే కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి, ముప్ఫై ఏళ్ళ మనిషి యాభైలా కనపడతాడు. పొద్దు పొడిచాక ఒక గంట, పొద్దు గూకే ముందు ఒక గంట, అంతే మనకి దొరికేది. డిసెంబరులో మనవైపు సాయంత్రం అయిదున్నర లోపే సూర్యుడు వెళ్ళిపోతాడు. "సాయంత్రం అయిదింటికి వస్తాం" అనేవాళ్ళకి ఈ లెక్క తెలియదు. నాలుగుంబావుకల్లా అక్కడ ఉండాలి.

బీచ్ అనుకుంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, మనది తూర్పు తీరం. కళింగపట్నం గానీ చింతపల్లి గానీ పొద్దున్నే వెళ్ళి సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే సూర్యుడు కూడా వెనకే ఉంటాడు, ముఖాలు నల్లగా వస్తాయి. సాయంత్రం అయితే వెలుగు ఊరి వైపు నుంచి నేరుగా ముఖాల మీదికి వస్తుంది, అప్పుడు అందరూ కళ్ళు చికిలిస్తారు. సూర్యుడు సరుగుడు తోటల వెనక్కి దిగాక ఒక ఇరవై నిమిషాలు మెత్తటి వెలుగు ఉంటుంది, నేను కాచుకునేది ఆ ఇరవై నిమిషాల కోసమే. గాలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. జుట్టు విరబోసుకోవడం, పల్చటి షిఫాన్ చీర, రెండూ అక్కడ కుదరవు.

విజయనగరం కోట అడిగేవాళ్ళు చాలామంది. లోపల కాలేజీలు నడుస్తున్నాయి, అనుమతి అడిగాకే వెళ్ళాలి. గుళ్ళలో గర్భాలయం వైపు కెమెరా ఎత్తకూడదు, బయట మండపాల దగ్గర కూడా ముందు అడగడం మర్యాద. ఇవన్నీ పడనివాళ్ళకి నేను చెప్పేది మీ ఇంటి వరండాయే. పెద్దవాళ్ళు నడవక్కర్లేదు, పిల్లలు బెదరరు, రోజూ కూర్చునే మడత కుర్చీ కూడా ఫొటోలోకి వస్తుంది. రెండు రోజుల ముందు వరండాలో ఏ గంటకి ఎక్కడ నీడ ఉందో ఫోన్‌తో తీసి ఫొటోగ్రాఫర్‌కి పంపిస్తే చాలు.

డబ్బు మాట

ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడేటప్పుడు రేటు ఒక్కటే అడిగి ఊరుకుంటారు. ఎన్ని ఫొటోలు ఇస్తారు, అందులో ఎన్ని ఎడిట్ చేసి ఇస్తారు, ప్రింట్లు రేటులో కలిసి ఉన్నాయా, టైమ్ దాటితే ఎంత, ఎన్ని రోజుల్లో చేతికొస్తాయి, ఫైళ్ళు ఎన్నాళ్ళు దాచి ఉంచుతారు, ఇవి కూడా అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. పిల్లల ఫొటోలు ప్రచారానికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దనుకుంటే అదీ అప్పుడే చెప్పండి. తర్వాత చెబితే ఇద్దరికీ మొహమాటం.

మా మేనమామ కూతురి పెళ్ళికి వేరే ఊరి నుంచి వచ్చినాయన ఫొటోలు తీశాడు. మా వాళ్ళందరివీ చామనఛాయ ముఖాలు. ఆల్బమ్‌లో అందరూ సున్నం కొట్టిన గోడల్లా ఉన్నారు, చేతులు మాత్రం వాటి రంగులో అవి ఉన్నాయి. "కస్టమర్లు అడిగేది ఇదే కదండీ" అన్నాడట. నిజమే, "ఎడిటింగ్‌లో కాస్త తెల్లగా చేయండి" అన్నది నేను కూడా రోజూ వినే మాటే. అడగకండి. అంతకంటే మంచిది, "మా రంగు మార్చొద్దు" అని ముందే చెప్పండి. మొటిమ తీసేయడం వేరు, అది వారంలో ఎలాగూ పోయేదే. పుట్టుమచ్చ తీసేస్తే మాత్రం ఫొటోలో ఉన్నది మీరు కారు.

బట్టలు

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే, కాస్త వివరంగా చెబుతాను.

అందరూ ఒకే రంగు వేసుకోవడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. పదకొండు మంది ఎర్ర చొక్కాలు, ఎర్ర చీరల్లో వస్తే క్యాటరింగ్ వాళ్ళలా ఉంటారు తప్ప కుటుంబంలా ఉండరు. నేను చెప్పే పద్ధతి వేరు. ముందు ఇంట్లో పెద్దావిడ కట్టుకునే చీర తేల్చండి. ఆవిడకి కొత్తది కొనాలని చూడకండి, బీరువాలో ఆవిడకి ఇష్టమైన పాత గద్వాలో వెంకటగిరో ఒకటి ఉంటుంది. దాని ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఒకటి తీసుకుని, వాటికి గంధం రంగు కలపండి. మిగతావాళ్ళు ఆ మూడింట్లోంచే ఏరుకోవాలి. ముదురాకుపచ్చ చీరకి మెరూన్ అంచు ఉందనుకోండి, కోడలు మెరూన్, కొడుకు గంధం రంగు లాల్చీ, మనవరాలికి ఆకుపచ్చ లంగా, మెరూన్ వోణీ. ఎవరి బట్ట వాళ్ళదే, అయినా అందరూ ఒకింటివాళ్ళలా ఉంటారు.

అన్నీ మంచం మీద పరిచి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. కంటికి తెలియనిది అందులో తెలుస్తుంది, ఏదో ఒక చొక్కా ట్యూబులైటులా వెలుగుతూ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టేయండి.

చిలకాకుపచ్చ, కళ్ళు జిగేలుమనే గులాబీ లాంటి రంగులు ముఖానికి దగ్గర్లో ఉంటే ఆ రంగు గడ్డం కింద పడుతుంది. మన చర్మానికి మెరూన్, నేరేడు, ఆవపిండి పసుపు, నీలిమందు రంగు, ముదురాకుపచ్చ బాగా కుదురుతాయి. సన్నని గీతల చొక్కాలు, చిన్న చిన్న గళ్ళు వద్దు. కెమెరా సెన్సర్ మీది చుక్కల వరసలూ బట్ట మీది గీతలూ ఒకదానికొకటి అడ్డుపడి, నీళ్ళ మీద నూనె తేలినట్టు రంగురంగుల అలలు వస్తాయి. మోయిరే అంటారు దాన్ని. ఎడిటింగ్‌లో కూడా ఓ పట్టాన పోదు. పెద్ద అక్షరాల టీషర్టులు సరేసరి, పదేళ్ళ తర్వాత చూస్తే అందులో మీవాడి కంటే ముందు ఆ కంపెనీ పేరే కనపడుతుంది.

తాతగారికి పంచె, లాల్చీ అనుకుంటే నా ఓటు పొందూరు ఖద్దరుకే. మన జిల్లాల అభిమానంతో అంటున్న మాట కాదు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన బట్ట అది. మెరవదు. తళతళలాడే తెల్ల పంచె మీద ఫ్లాష్ పడితే మడతలన్నీ మాయమై తెల్ల కాగితంలా అయిపోతుంది. ఖద్దరు మీద ప్రతి మడతా తెలుస్తుంది, మోకాలి దగ్గర కుచ్చెళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఒక్కటే చిక్కు, కారులో అరగంట కూర్చుంటే నలిగిపోతుంది. ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించి తెచ్చి, వచ్చాక కట్టుకోవాలి.

పెళ్ళి పట్టుచీర కట్టాలనుకునేవాళ్ళు వారం ముందే జాకెట్టు వేసి చూడండి. పట్టదు. దర్జీ దగ్గర కుట్లు విప్పించుకోడానికి అప్పుడు టైమ్ ఉంటుంది. జరీ ఎక్కువ ఉన్న పైట ఒంటిపొర వదిలితే లైటు పడి తళుక్కుమంటుంది, మడతలు పెట్టి పిన్ను భుజం వెనక్కి గుచ్చండి. మగవాళ్ళకి చెప్పాల్సినవి తక్కువే: లాల్చీ లోంచి బనీను కనపడకూడదు, జేబులో ఫోను ఉండకూడదు. జేబు దగ్గర నలుచదరంగా ఉబ్బిన ఆకారం ఎన్ని ఫొటోల్లో చెరిపానో లెక్కలేదు.

కింద కూర్చుని దిగేటట్టయితే అరికాళ్ళు కడుక్కోండి. చెబితే నవ్వుతారు, ఫొటో చూశాక నవ్వరు.

వారం ముందు: ముఖం, జుట్టు

కటింగ్ వారం ముందు. ఆ రోజు పొద్దున్న చేయించుకుంటే చెవుల పైన తెల్లగా గీత కనపడుతుంది. జుట్టుకి రంగు వేసుకునేవాళ్ళు మూడు నాలుగు రోజుల ముందే వేసుకోండి, నుదుటి మీద మరక పోవడానికి ఆ టైమ్ కావాలి. ఎప్పుడూ చేయించుకోని ఫేషియల్ ఇప్పుడు కొత్తగా మొదలెట్టకండి, ఒళ్ళు పడకపోతే ముఖమంతా దద్దుర్లు. కనుబొమల థ్రెడింగ్ రెండు రోజుల ముందు. గోరింటాకు పెట్టుకుంటే ఒకటి రెండు రోజులకి బాగా పండుతుంది, ముందు రోజు రాత్రి కాకుండా దానికి ముందు రోజు పెట్టుకోండి.

పౌడరు. మన అమ్మలు ముఖానికి పౌడరు దట్టించి మరీ వస్తారు. మామూలు కంటికి తెలియదు గాని ఫ్లాష్ పడగానే ముఖం పిండిలో ముంచినట్టు తెల్లగా తేలుతుంది. కొన్ని సన్‌స్క్రీన్ క్రీములూ అంతే. ముఖం మామూలు నీళ్ళతో కడుక్కుని రండి. చెమట పడితే రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. ముఖానికి పసుపు రాసుకునే అలవాటున్నవాళ్ళు ఆ ఒక్క రోజు పాదాలతో సరిపెట్టుకోండి. రాళ్ళ స్టిక్కరు కంటే మామూలు కుంకుమ బొట్టో మెరుపు లేని స్టిక్కరో బాగుంటుంది.

కళ్ళజోడు రోజూ పెట్టుకునే మనిషి ఫొటోలో కూడా పెట్టుకోవాలి, లేకపోతే మనవలే గుర్తుపట్టరు. ఎండకి నల్లబడే అద్దాలుంటే మాత్రం బయట ఫొటోలకి పాత మామూలు జోడు తెచ్చుకోండి. నీడలో నిలబడినా అవి కొంత నల్లబడతాయి, కళ్ళు కనపడవు.

ముందు రోజు రాత్రి

బట్టలు, లోపలి లంగాలు, పిన్నులు, చెప్పులతో సహా ఒక్కొక్కరివీ ఒక్కో హ్యాంగరుకో సంచికో పెట్టేయండి. ఇస్త్రీ ఇప్పుడే. పొద్దున్న చేద్దాం అనుకుంటే కరెంటు పోతుంది, అనుభవం మీద చెబుతున్నాను. సంచిలో సేఫ్టీ పిన్నులు, దువ్వెన, చిన్న అద్దం, రెండు మెత్తటి తువ్వాళ్ళు, మంచినీళ్ళు, పెద్దవాళ్ళ మందులు, పిల్లలకి ఇంకో జత పడేయండి. గ్రూపుల కాగితం మరచిపోవద్దు. పూలు మాత్రం పొద్దున్న తెచ్చుకోవాలి. మల్లెల కంటే కనకాంబరాలు వాడకుండా ఎక్కువసేపు ఉంటాయి.

దగ్గరుండి నడిపించే మనిషిని ఒకరిని అనుకోండి. ఇంటి కోడలికి ఈ పని కూడా అప్పజెప్పకండి, ఆవిడ ఫొటోలో ఉండాలి. ఆవిడ అందరికీ కుచ్చెళ్ళు సర్ది, పిల్లలకి జడలు వేసి, చివర్లో తను రెండు నిమిషాల్లో చీర చుట్టుకుని వచ్చి నిలబడుతుంది. ప్రతి కుటుంబంలోనూ ఇదే. కాస్త హడావుడి ఇష్టమైన బాబాయి ఒకాయన ఎవరింట్లోనైనా ఉంటాడు, ఆయనకి ఇవ్వండి.

ఆ పూట: పిల్లలు, పెద్దవాళ్ళు

చెప్పిన టైముకి గంటన్నర ముందు అందరూ స్నానాలు, టిఫిన్లు అయిపోయి పాత బట్టల్లో ఉండాలి. మంచి బట్టలు చివరి అరగంటలో. పిల్లలకైతే అక్కడికి వచ్చాకే వేయండి. షుగరున్న పెద్దవాళ్ళని "ఫొటో అయ్యాక తిందురు గాని" అని ఎప్పుడూ ఆపకండి. స్టూడియో మేడ మీద ఉందా, బాత్రూమ్ ఎక్కడ అన్నది ముందే కనుక్కోండి. పళ్ళ సెట్టు, వినికిడి మిషను పెట్టుకునే రావాలి. కర్ర పట్టుకుని నడిచే తాతగారి చేతిలో కర్ర లాగేసుకోకండి. అది లేకపోతే ఆయన భుజాలు భయంతో బిగుసుకుంటాయి, అదే ఫొటోలో పడుతుంది.

చంటిపిల్ల నిద్ర లేచి పాలు తాగిన తర్వాతి గంట మీకు బంగారం లాంటిది. ఆ గంటని బట్టే టైమ్ తీసుకోండి. చాక్లెట్లు, రంగు చిప్స్ వద్దు, మూతి చుట్టూ వేళ్ళకీ ఆ రంగు అంటుకుంటుంది. మరమరాలో మామూలు బిస్కెట్టో చాలు. "ఏడిస్తే ఫొటో అంకుల్ సూది వేస్తాడు" అని బెదిరించి తీసుకొస్తారు కొందరు. ఆ పిల్లాడు నన్ను చూసి తల్లి కొంగులోకి దూరిపోతాడు, ఇక నేను కోతిలా గెంతినా బయటికి రాడు.

నా వెనక నిలబడి పిల్లని పిలవాల్సింది ఒక్కరే. ఇది మరీ మరీ చెబుతాను. ఒక ఆదివారం ఏడాది పాపకి ఫొటో తీస్తుంటే మామ్మ ఒకవైపు తాళాల గుత్తి ఆడిస్తోంది, పిన్ని ఫోన్లో పాట పెట్టింది, మేనమామ "ఓసి గుంటా, ఇటు చూడే!" అని చప్పట్లు కొడుతున్నాడు. పాప ఒక్కొక్కరినీ వరసగా చూసి, చివరికి ఎవరూ లేని ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయింది. అందరినీ బయటికి పంపి తల్లిని నా భుజం వెనక కూర్చోబెట్టి దాగుడుమూతలు ఆడమన్నాను. నాలుగో సారికి నవ్వింది.

కెమెరా ముందు

పెద్ద గ్రూపు మొదట. అందరూ కలిసి దిగేది అవ్వగానే పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉన్న చిన్న గ్రూపులు తీసేసి వాళ్ళని వదిలేయాలి. అన్నదమ్ముల ఫొటోలు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

అటెన్షన్‌లో నిలబడకండి. ఒక కాలి మీద బరువు వేసి, ఒంటిని కాస్త పక్కకి తిప్పి, ముఖం మాత్రం కెమెరా వైపు. గడ్డం పైకెత్తకుండా తాబేలు తల బయటపెట్టినట్టు ఒక్క రవ్వ ముందుకి చాచండి, రెండో గడ్డం మాయమవుతుంది. అద్దంలో చూసుకుంటే వింతగా ఉంటుంది, ఫొటోలో ఉండదు. కళ్ళజోడు మీద లైటు మెరిస్తే జోడు కొసలు చెవుల పైన కాస్త ఎత్తితే సరిపోతుంది. చేతులు ఏం చేయాలో తెలియకపోతే పక్కవాళ్ళని పట్టుకోండి. నలభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు కెమెరా ముందు బస్టాండులో కొత్తవాళ్ళలా జానెడు దూరంలో నిలబడతారు. "మాస్టారూ, అమ్మగారి చెయ్యి పట్టుకోండి" అంటే సిగ్గుపడతారు. ఆ సిగ్గుపడే క్షణంలోనే నేను నొక్కేస్తాను.

"చీజ్" అంటే పెదవులు సాగుతాయి తప్ప నవ్వు రాదు. చిన్నప్పుడు ఎవరు ఏ చెట్టు మీంచి పడ్డారో ఒకరు చెప్పడం మొదలెడితే చాలు.

కళ్ళు మూసే మనిషి ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. ఆస్ట్రేలియాలో ఇద్దరు ఈ కళ్ళు మూసే గొడవ మీద లెక్క కట్టి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా 2006లో తెచ్చుకున్నారు. ఇరవై మంది లోపు గ్రూపయితే, వెలుగు బాగుంటే మనుషుల సంఖ్యని మూడుతో, వెలుగు తక్కువైతే రెండుతో భాగించి అన్ని ఫొటోలు తీయాలన్నది వాళ్ళ లెక్క. పన్నెండు మందికి నాలుగు నుంచి ఆరు. "ఎన్నిసార్లు తీస్తారండీ" అని విసుక్కునేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. ఆ కాసేపూ నా పక్కన నిలబడి ఎవరూ ఫోన్లతో తీయకండి. సగం కళ్ళు అటు, సగం ఇటు చూస్తాయి.

తర్వాత

ఎంపిక ఇద్దరు చేస్తే చాలు, రెండు రోజుల్లో. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేసి "ఏది బాగుంది?" అని అడిగితే ఎవరి ముఖం బాగున్నది వాళ్ళు చెబుతారు, అది సంవత్సరం పడుతుంది.

ప్రింటుకి ఇచ్చే ఫైలు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపకండి, బాగా కుదించేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, తప్పదంటే డాక్యుమెంటుగా పంపమనండి. 12 అంగుళాలకి 18 అంగుళాల ప్రింటు స్ఫుటంగా రావాలంటే 3600కి 5400 పిక్సెళ్ళు ఉండాలి. ఇప్పటి మంచి కెమెరాలు అంత ఇస్తాయి, కుదించిన వాట్సాప్ ఫొటో ఇవ్వదు. కెమెరా ఫొటో పొడవూ వెడల్పులు మూడుకి రెండు లెక్కలో ఉంటాయి, అందుకే 12కి 18 పూర్తిగా వస్తుంది. 8కి 10 సైజు అడిగితే అంచుల్లో కొంత పోతుంది. హాల్లో కిటికీకి ఎదురుగా వేలాడదీసేదైతే మెరుపు లేని మ్యాట్ పేపరు అడగండి.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు ఫొటోకి అద్దం ఆనకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి. మనది తేమ గాలి. ఫొటో అద్దానికి అతుక్కుంటే ఇక ఊడదు, లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అలా అతుక్కున్నది మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే లాగకండి, అద్దంతో సహా పట్టుకొస్తే పైనుంచే మళ్ళీ ఫొటో తీసి కొత్త ప్రింటు చేయొచ్చు. వర్షాకాలంలో చెమ్మ పట్టే గోడకి వద్దు. ఫైళ్ళు రెండు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండే కూతురింట్లోనో కొడుకింట్లోనో. తుఫానుకి పైకప్పు లేచిపోతే బీరువాలోని ఆల్బమూ, పక్కనున్న పెన్‌డ్రైవూ రెండూ కలిసే తడుస్తాయి.

ఫ్రేమ్ వెనక అట్ట మీద పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి అందరి పేర్లు, వరసలు, తారీకు, ఊరు రాయండి. ఫొటో వెనకే రాద్దామంటే ఇప్పటి కాగితం మీద పెన్సిలు సరిగా పడదు, పెన్ను సిరా పక్క ఫొటోకి అంటుకుంటుంది. పేర్లు తాతగారిని అడిగి రాయడం మంచిది, "సూర్యం బాబాయి" అసలు పేరు ఆయనకే తెలిసి ఉంటుంది.